30 పూల్ లెక్క: వ్యాంపైర్ కార్డుల ఆటకు డెక్ పేర్చుకునే పద్ధతి

వ్యాంపైర్: ది ఎటర్నల్ స్ట్రగుల్ ఆటలో ప్రాణమూ డబ్బూ ఒకే సంచిలో ఉంటాయి. ఆ సంచి పేరు పూల్. మొదట్లో ఒక్కొక్కరికి 30 పూల్ ఇస్తారు. రక్తపిశాచుల్ని బల్ల మీదికి రప్పించేది దాంతోనే, ఖరీదు రాసి ఉన్న కొన్ని కార్డులకు చెల్లించేదీ దాంతోనే. అది సున్నా అయిందంటే మీ ఆట అయిపోయినట్టే. కొత్తగా డెక్ పేర్చేవాళ్లు ఎదుటివాడి పూల్ ఎలా లాగాలా అని ఆలోచిస్తారు కానీ, తమ సంచిలోంచి తామే ఎంత తీస్తున్నారో లెక్కపెట్టరు. ఎక్కువ డెక్‌లు ఓడేది అక్కడే.

ఈ ఆటను తయారుచేసింది మ్యాజిక్: ది గాదరింగ్ రూపకర్త రిచర్డ్ గార్‌ఫీల్డ్. 1994లో జిహాద్ పేరుతో వచ్చింది, 1995లో ఇప్పటి పేరు పెట్టారు. ఇప్పుడు బ్లాక్ చాంట్రీ సంస్థ అచ్చు వేస్తోంది. గుడ్డిగా ప్యాకెట్లు కొని అదృష్టం పరీక్షించుకోవాల్సిన పని లేదు. 2020లో వచ్చిన ఫిఫ్త్ ఎడిషన్‌లో మాల్కేవియన్, నాస్ఫెరాటు, టోరియడోర్, ట్రెమియర్, వెంట్రూ వంశాలకు తలా ఒక రెడీమేడ్ డెక్ ఉంది. ఏ కార్డునైనా ఎన్ని కాపీలైనా పెట్టుకోవచ్చు కాబట్టి, ఒకే వంశం డెక్ రెండు కొని కలిపితే మంచి ముడిసరుకు చేతికొస్తుంది. అయిదుగురు కూర్చుంటే పూల్‌కే 150 గింజలు కావాలి, అందరికీ ఉమ్మడి కుప్ప అయిన బ్యాంకులో మరికొన్ని. పూల్‌కూ పిశాచుల మీద ఉండే రక్తానికీ ఒకే గింజలు పనికొస్తాయి గనుక చింతగింజలు భేషుగ్గా సరిపోతాయి.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి

ఈ ఆట నలుగురైదుగురు ఆడితేనే రుచి. మీ ఎడమవైపు కూర్చున్నవాడు మీ ప్రే, అంటే మీ ఎర. కుడివైపువాడు మీ ప్రిడేటర్, అతనికి మీరు ఎర. ఆట వంతు కూడా ఎడమవైపుకే తిరుగుతుంది. మీ ప్రే ఔట్ అయితే, అతన్ని ఎవరు పడగొట్టినా సరే, మీకు 1 విక్టరీ పాయింటు, బ్యాంకు నుంచి 6 పూల్ వస్తాయి. చివరిదాకా మిగిలినవాడికి ఇంకో పాయింటు. టోర్నమెంటులో ఒక్కో ఆటకు 2 గంటల గడువు. గడువు ముగిసేసరికి బతికున్నవాళ్లకు తలా అర పాయింటు. గెలుపు రాయించుకోవాలంటే కనీసం 2 పాయింట్లుండాలి, మిగతా అందరికంటే ఎక్కువా ఉండాలి.

"ఎవరు పడగొట్టినా సరే" అన్న మాట దగ్గర ఒకసారి ఆగండి. ఈ ఆట వ్యూహంలో సగం ఆ మాటలోనే ఉంది. మీ ప్రే మీద దెబ్బ మీదే కానక్కర్లేదు. మీ ప్రిడేటర్ మీ మీద వేసిన దెబ్బను మీ ప్రే మీదికి మళ్లించగలిగితే, ఖర్చు అతనిది, పాయింటు మీది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే.

దీని తిరగేసిన నీతి కూడా గుర్తుంచుకోవాలి. మీ ప్రేకి ప్రే ఎవరో, అతన్ని మీరు బలహీనపరిస్తే మీ ప్రేకి 6 పూల్ దానం చేసినట్టే. అవతలి మూలనున్నవాడి మీద కోపంతో దెబ్బ వేసే ముందు, అతను పడిపోతే ఎవరికి లాభమో వేలు పెట్టి లెక్కేయండి.

క్రిప్ట్: 12 కార్డుల గణితం

డెక్‌లో రెండు భాగాలు. రక్తపిశాచులుండేది క్రిప్ట్, కనీసం 12 కార్డులు. మిగతా కార్డులన్నీ లైబ్రరీ, 60 నుంచి 90 దాకా. క్రిప్ట్ కార్డుల మీద గ్రూపు సంఖ్య ఉంటుంది. మీ క్రిప్ట్ అంతా ఒకే గ్రూపుదో, లేదా పక్కపక్కనున్న రెండు గ్రూపులదో అయి ఉండాలి. 5, 6 కలపొచ్చు, 4, 6 కలపకూడదు. పాత కార్డులు ఎవరి దగ్గరైనా తీసుకున్నప్పుడు మొదట చూడాల్సింది ఈ అంకెనే. ముచ్చటపడి డెక్ అంతా పేర్చాక గ్రూపు కలవలేదని తేలితే మళ్లీ మొదటికొస్తుంది.

ఆట మొదట్లో క్రిప్ట్ నుంచి 4 కార్డులు వస్తాయి. ఒక పెద్ద రక్తపిశాచి చుట్టూ డెక్ కడుతున్నట్టయితే, 12లో ఆ కార్డు 2 కాపీలు పెడితే మొదటి నాలుగింట్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం 100కి 58 దాకా. 3 కాపీలైతే 75 కొంచెం తక్కువ. 4 అయితే 86. 5 అయితే 93. అలాగని అయిదు పెట్టేయకండి. ఒకే పేరున్న రక్తపిశాచి బల్ల మీద ఒకటే ఉండగలదు కాబట్టి, రెండో కాపీ వస్తే మీ నాలుగు చోట్లలో ఒకటి దండగ. ఆ ఒక్కడు లేకపోతే డెక్ నడవదు అనుకుంటేనే 4. లేదంటే 2 కాపీల చొప్పున పెట్టి, ఒకే డిసిప్లిన్లు (పిశాచుల ప్రత్యేక శక్తులు) ఉన్న వేర్వేరు ముఖాలతో నింపడం మేలు.

కార్డు మీద కెపాసిటీ అంకె ఉంటుంది. ఆ పిశాచిని రప్పించడానికి అంత పూల్ పెట్టాలి. ఇన్‌ఫ్లుయెన్స్ దశలో ఒక్కో వంతుకు 4 ట్రాన్స్‌ఫర్లు, ఒక్కో ట్రాన్స్‌ఫర్‌తో 1 పూల్ జరుగుతుంది. అయితే మొట్టమొదటి వంతులో మొదటివాడికి 1, రెండోవాడికి 2, మూడోవాడికి 3, ఆ తర్వాతవాళ్లకు 4. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ కెపాసిటీ ఎంపికంతా దీని మీదే నిలబడాలి. ఉదాహరణకు 7 కెపాసిటీ పిశాచిని చూడండి. మూడో కుర్చీలో ఉన్నవాడికి 3, 4 కలిసి సరిగ్గా 7, రెండో వంతు చివర బల్ల మీదికొచ్చేస్తాడు. నాలుగు, అయిదు కుర్చీలవాళ్లకు 1 మిగులుతుంది కూడా. రెండో కుర్చీవాడికి 6 దగ్గర ఆగిపోయి ఒక వంతు ఆలస్యం. 9 కెపాసిటీ అయితే ఏ కుర్చీలో ఉన్నా మూడో వంతు దాకా ఆగాల్సిందే. ఆ లోపు మీ ప్రిడేటర్ చిన్న పిశాచులతో మీ పూల్ నమలడం మొదలుపెట్టి ఉంటాడు. అందుకే మొదటి డెక్‌ను పెద్దవాళ్లతో నింపవద్దని మా సలహా.

మొత్తం మీద పిశాచుల మీద 14 నుంచి 18 పూల్ దాకా ఖర్చుపెట్టడం సుఖం. 7, 5, 4 కలిస్తే 16, సంచిలో 14 మిగులుతుంది. 20 దాటితే మిగిలేది 10 లోపే, రెండు పెద్ద దెబ్బలకు పోతుంది.

కింద ఇచ్చే డెక్‌కు పన్నెండూ మాల్కేవియన్లే అనుకుందాం. 9 కెపాసిటీవి 2, 7వి 3, 5వి 3, 4వి 2, 3వి 2. సగటు 5.67 వస్తుంది. 7, 9 కెపాసిటీల వాళ్లకు డామినేట్ పైస్థాయిలో ఉండాలి. కార్డు మీద డిసిప్లిన్ గుర్తు చతురస్రంలో ఉంటే కిందిస్థాయి, వజ్రం ఆకారంలో ఉంటే పైస్థాయి. చాలామంది గుర్తు చూస్తారు, దాని చుట్టూ ఉన్న ఆకారం చూడరు. ఆట మధ్యలో కార్డు తీసి "అరె, మనవాడికిది రాదే" అనుకునేది అందుకే.

లైబ్రరీ: 75 కార్డులు

ఫిఫ్త్ ఎడిషన్ మాల్కేవియన్లకు ఆస్పెక్స్, డామినేట్, ఆబ్‌ఫస్కేట్ ఉంటాయి. డామినేట్‌తో దెబ్బ, ఆబ్‌ఫస్కేట్‌తో చాటుగా వెళ్లడం, ఆస్పెక్స్‌తో కాపలా. మొదటి డెక్‌కు ఇంతకంటే తేలికైన కలయిక లేదు. పేర్చాల్సింది ఇలా:

మాస్టర్ కార్డులు 14: బ్లడ్ డాల్ 5, విల్లెయిన్ 2, అసైలమ్ హంటింగ్ గ్రౌండ్ 1, జెయింట్స్ బ్లడ్ 1, ఆర్కన్ ఇన్వెస్టిగేషన్ 1, మిస్‌డైరెక్షన్ 2, సడెన్ రివర్సల్ 2.
యాక్షన్లు 10: అన్నీ గవర్న్ ది అన్‌అలైన్డ్.
యాక్షన్ మోడిఫయర్లు (యాక్షన్ చేస్తూ దానికి బలం చేర్చేవి) 23: కండిషనింగ్ 7, లాస్ట్ ఇన్ క్రౌడ్స్ 6, క్లోక్ ది గాదరింగ్ 6, స్వాలోడ్ బై ది నైట్ 4.
రియాక్షన్లు (ఎదుటివాడి యాక్షన్‌కు జవాబుగా వేసేవి) 27: డిఫ్లెక్షన్ 8, టెలిపతిక్ మిస్‌డైరెక్షన్ 5, ఎన్‌హాన్స్‌డ్ సెన్సెస్ 3, ఆన్ ది కి వివ్ 6, వేక్ విత్ ఈవెనింగ్స్ ఫ్రెష్‌నెస్ 3, డిలేయింగ్ ట్యాక్టిక్స్ 2.
ఎక్విప్‌మెంట్ 1: .44 మ్యాగ్నమ్.

రియాక్షన్లు యాక్షన్లకు దాదాపు మూడింతలు ఉన్నాయని కంగారుపడకండి. మీ వంతు ఒక్కసారి వస్తే, మిగతావాళ్ల వంతులు నాలుగు వస్తాయి.

మాస్టర్ కార్డులు 14కు మించకూడదనడానికి కారణం ఉంది. వంతుకు ఒక్క మాస్టర్ మాత్రమే వేయగలం. చేతిలో ఉండేది 7 కార్డులే. అందులో 3 మాస్టర్లు పేరుకుంటే మిగిలిన నాలుగు కార్డులతోనే దాడీ రక్షణా రెండూ నడపాలి. ట్రైఫిల్ అని రాసి ఉన్న మాస్టర్ వేస్తే ఆ వంతులో ఇంకొక మాస్టర్ వేసే వీలు దొరుకుతుంది. విల్లెయిన్ అలాంటిదే. ఒక పిశాచి రక్తంలోంచి 4, 5 ఒక్క దెబ్బలో పూల్‌కు లాగేసి, వెంటనే అదే వంతులో జెయింట్స్ బ్లడ్‌తో అతన్ని నిండుగా నింపేయొచ్చు. ఒక ఆటలో జెయింట్స్ బ్లడ్ బల్ల మొత్తానికి ఒక్కసారే పనిచేస్తుంది కాబట్టి, ముందు వేసినవాడిదే లాభం. చేతికొచ్చాక దాచుకుని కూర్చుంటే ఎవరో ఒకరు ముందే వేసేస్తారు.

సడెన్ రివర్సల్‌ను ఎదుటివాడి వంతులోనే వేయొచ్చు. కానీ అలా వేస్తే మీ తర్వాతి వంతు మాస్టర్ అవకాశం పోతుంది. ఎవడో బ్లడ్ డాల్ వేశాడని దాన్ని రద్దు చేయడం తెలివితక్కువ. జెయింట్స్ బ్లడ్ లాంటి దానికి దాచండి.

స్టెల్త్ కార్డులు (చాటుగా వెళ్లేందుకు వేసేవి) ఒకే రకం 16 పెట్టకుండా మూడు రకాలుగా ఎందుకు విడగొట్టామంటే, ఒకే యాక్షన్‌లో ఒక పిశాచి అదే మోడిఫయర్‌ను రెండోసారి వాడకూడదు. చేతిలో లాస్ట్ ఇన్ క్రౌడ్స్ మూడున్నా ఆ యాక్షన్‌కు పనికొచ్చేది ఒకటే. రియాక్షన్లకూ ఇదే నియమం.

గవర్న్: డెక్‌కు వెన్నెముక

గవర్న్ ది అన్‌అలైన్డ్‌కు 1 రక్తం ఖర్చు. కిందిస్థాయిలో +2తో బ్లీడ్ చేస్తుంది, అంటే ప్రే పూల్ మీద దెబ్బ వేస్తుంది. పైస్థాయిలో బ్యాంకు నుంచి 3 రక్తం తీసి, ఇంకా బల్ల మీదికి రాని, తనకంటే చిన్నవాడైన పిశాచి మీద పెడుతుంది. చిన్నవాడంటే కెపాసిటీ తక్కువున్నవాడు.

అయిదో కుర్చీలో కూర్చున్నారనుకోండి. మొదటి రెండు వంతుల్లో 8 ట్రాన్స్‌ఫర్లు. 7 కెపాసిటీవాడు వచ్చేశాడు, మిగిలిన 1 పూల్ 5 కెపాసిటీవాడి మీద పెట్టారు. మూడో వంతులో పెద్దవాడు పైస్థాయి గవర్న్ వేశాడు. చిన్నవాడి మీద ఇప్పుడు 4. అదే వంతు ఇన్‌ఫ్లుయెన్స్ దశలో ఇంకో 1 పెడితే అతనూ వచ్చాడు. మొత్తం 12 కెపాసిటీ బల్ల మీదుంది, మీ సంచిలోంచి పోయింది 9 పూల్. ఇంకా 3 ట్రాన్స్‌ఫర్లు మిగిలాయి, మూడోవాడి మీద వేసుకోవచ్చు. ఇలా రెండుసార్లు జరిగితే 6 పూల్ ఊరికే వచ్చినట్టు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. తొందరపడి ముందు 5 కెపాసిటీవాణ్ణి రప్పిస్తారు. అప్పుడు అతను 7వాడికి గవర్న్ చేయలేడు, ఎందుకంటే 7వాడు పెద్దవాడు. అందుకే చేతిలో గవర్న్ ఉంటే ముందు పెద్దవాణ్ణి రప్పించాలి. చేతిలో ఒక్క గవర్న్ కూడా లేకపోతే మాత్రం చిన్నవాడితో మొదలుపెట్టి బ్లీడ్ చేస్తూ ఉండండి.

ఈ పైస్థాయి గవర్న్‌ను ప్రే, ప్రిడేటర్ ఇద్దరూ అడ్డుకోవచ్చని మర్చిపోవద్దు. బ్లీడ్‌ను అడ్డుకునే హక్కు దెబ్బ తినబోయేవాడికే. ఎవరి మీదా గురిపెట్టని యాక్షన్‌కు రెండు పక్కలా కాపలా ఉంటుంది.

బ్లీడ్ ఎప్పుడు పెంచాలి

మామూలు బ్లీడ్ 1. గవర్న్‌తో 3. దాని మీద పైస్థాయి కండిషనింగ్ +3 వేస్తే 6. ఈ 6 అంకెను చూసి భయపడని బల్ల ఉండదు.

స్టెల్త్, ఇంటర్‌సెప్ట్ (అడ్డుకునే బలం) రెండూ 0తో మొదలవుతాయి. అడ్డుకునేవాడి ఇంటర్‌సెప్ట్ మీ స్టెల్త్‌కు సమానమైనా, ఎక్కువైనా మీరు దొరికిపోయినట్టే. స్టెల్త్ కార్డు ముందే వేసి కూర్చోవడం కుదరదు, ఎవరైనా అడ్డుకోబోయి, అది ఫలించేలా ఉన్నప్పుడే వేయాలి. కాబట్టి స్టెల్త్ చేతిలో ఉండగానే యాక్షన్ మొదలుపెట్టండి. ఒక్క స్టెల్త్‌తో 6 బ్లీడ్‌కు పోవడం జూదం. ఎదుట ఆస్పెక్స్ పైస్థాయివాడు ఉంటే ఎన్‌హాన్స్‌డ్ సెన్సెస్ ఒక్కటే +2 ఇస్తుంది. రెండు వేర్వేరు స్టెల్త్ కార్డులు ఉండాలి.

కండిషనింగ్ వేయాల్సిన క్షణం గురించి కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే పాతకాపులు కూడా ఇక్కడ తడబడతారు. ఎదుటివాడు "అడ్డుకోను" అన్న తర్వాత, మొదట కార్డు వేసే అవకాశం మీదే. అప్పుడు కండిషనింగ్ వేస్తే 6 అవుతుంది. ఆ వెంటనే అతను డిఫ్లెక్షన్ తీస్తే ఆ 6 తన ప్రే మీదికి పోతుంది. అంటే మీ కార్డుతో అతనికి పాయింటు దగ్గర చేశారు. పోనీ, డిఫ్లెక్షన్ వస్తుందేమో చూద్దామని మీరు పాస్ అంటే? అతనూ పాస్ అన్నాడంటే బ్లీడ్ 3 దగ్గరే తేలిపోతుంది, మళ్లీ వేయడానికి మీకు అవకాశం రాదు. అతను డిఫ్లెక్షన్ వేస్తేనే వంతు తిరిగి మీకొస్తుంది, అప్పుడు కండిషనింగ్ వేయాలా మానాలా మీ ఇష్టం.

దీనికి మా పద్ధతి ఇది. ప్రే దగ్గర డామినేట్‌గానీ, పైస్థాయి ఆస్పెక్స్‌గానీ ఉన్న, మెలకువగా ఉన్న పిశాచి లేకపోతే నేరుగా 6 వేసేయండి. ఉంటే, మొదటి పిశాచితో ఉత్త 1 బ్లీడ్ పంపండి. అతను దానికి డిఫ్లెక్షన్ వాడాడా, ఒక కార్డు ఖర్చయినట్టే. వాడలేదా, ఒక పూల్ పోయింది, పైగా ఎడ్జ్ మీ చేతికొచ్చింది. ఎడ్జ్ మీ దగ్గరుంటే మీ తర్వాతి వంతు మొదట్లో వచ్చే అన్‌లాక్ దశలో 1 పూల్ వస్తుంది. పెద్ద దెబ్బ రెండోవాడితో. దాన్నీ మళ్లిస్తే? ఆ పక్కవాడి పూల్ ఎంతుందో ముందే చూసుకోవాలి. 6 పడితే చచ్చేలా ఉంటే ఆ వంతులో 6 వేయకూడదు, అంతే.

ఇంకో ప్రమాదం ఆర్కన్ ఇన్వెస్టిగేషన్. 3 కంటే ఎక్కువ బ్లీడ్ చేసిన పిశాచిని అది ఏకంగా కాల్చేస్తుంది. మీ డెక్‌లో అది ఉన్నట్టే వాళ్ల డెక్‌లోనూ ఉండొచ్చు. 9 కెపాసిటీవాడితో 6 బ్లీడ్ చేసేకంటే, 4 కెపాసిటీవాడితో చేయడంలో ఉన్న లాభం ఇదే: పోయినా 4 పూల్ పెట్టుబడే పోతుంది. అందుకోసమే చిన్నవాళ్లలో కనీసం ఇద్దరికైనా డామినేట్ పైస్థాయి దొరుకుతుందేమో వెతకండి.

వెనకవాడి దెబ్బ

మీ వంతులో అందరితో బ్లీడ్ చేస్తే అందరూ లాక్ అవుతారు, అంటే కార్డు పక్కకు తిప్పి ఉంటుంది. లాక్ అయినవాడు అడ్డుకోలేడు, రియాక్షన్ వేయలేడు. ఆన్ ది కి వివ్, వేక్ కార్డులు ఉన్నది ఇందుకే, లాక్ అయినవాణ్ణి కూడా నిద్ర లేపుతాయి. డిఫ్లెక్షన్ ఒక్కటే చేతిలో ఉండి, మెలకువగా ఎవరూ లేకపోతే ఆ కార్డు చిత్తుకాగితం. చేతిలో లేపే కార్డు లేనప్పుడు ఒకణ్ణి అన్‌లాక్‌గా వదిలేయండి. కిందిస్థాయిలో డిఫ్లెక్షన్ వేస్తే వేసినవాడు లాక్ అవుతాడు, పైస్థాయిలో కాడు. కాబట్టి కాపలాకు వదిలేది పైస్థాయివాణ్ణి. ఖర్చు 1 రక్తం, అది కూడా లేకుండా చేసుకోవద్దు.

మళ్లింపు ఎవరి మీదికి? సాధారణంగా మీ ప్రే మీదికే. కానీ ఒక్కోసారి ఎదురు మూలవాడి దగ్గర కట్టలు తెంచుకున్న పూల్ ఉండి, మీ ప్రే దగ్గర అన్నీ అన్‌లాక్ అయిన కాపలాదారులు ఉంటారు. అప్పుడు ఆ మూలవాడి మీదికే మళ్లించండి. బ్లీడ్ 1 అయితే మళ్లించకండి, తినేయండి. 1 పూల్ కోసం 1 రక్తం, ఒక కార్డు తగలేయడం లెక్కకు రాదు. 3 నుంచి మళ్లించడం మొదలుపెట్టండి.

ఇద్దరే మిగిలాక డిఫ్లెక్షన్‌కు పనే లేదు, ఎందుకంటే బ్లీడ్ చేస్తున్నవాడి మీదికి మళ్లించకూడదు, మూడోవాడు లేడు. టెలిపతిక్ మిస్‌డైరెక్షన్ మాత్రం కిందిస్థాయిలో +1 ఇంటర్‌సెప్ట్‌గా అప్పుడూ పనికొస్తుంది. మళ్లింపు కార్డులు పదమూడూ డిఫ్లెక్షన్లే పెట్టకపోవడానికి ఇదో కారణం. ముగ్గురు మిగిలిన దశలోనే డిస్కార్డ్ దశలో వంతుకు ఒక డిఫ్లెక్షన్ చొప్పున వదిలించుకోవడం మొదలుపెడితే చేతిలో చెత్త పేరుకోదు.

ఎక్కడ చెడుతుంది

చెయ్యి బిగుసుకుపోవడం అన్నిటికంటే ఎక్కువ. కార్డు వేసిన వెంటనే ఇంకోటి లాగుతాం గనుక, వేయలేని కార్డే అసలు శత్రువు. 7లో 4 స్టెల్త్ ఉండి ఎవరూ అడ్డుకోకపోతే అవి కదలవు. అలాంటప్పుడు డెక్‌లో స్టెల్త్ ఎక్కువైందని కాదు, మీ ప్రే అడ్డుకునే రకం కాదని అర్థం. డిస్కార్డ్ దశలో ఒకటి తీసేస్తూ పోండి. ఏ బల్ల మీదైనా అదే జరుగుతుంటే అప్పుడు రెండు తగ్గించి, వాటి స్థానంలో గవర్న్ పెట్టండి.

రెండోది రక్తం ఎండిపోవడం. గవర్న్‌కు 1, డిఫ్లెక్షన్‌కు 1, బ్లడ్ డాల్‌తో పూల్‌కు 1. మూడు వంతుల్లో 5 కెపాసిటీవాడు సున్నాకు వస్తాడు. సున్నా అయినవాడు ఆ వంతులో తప్పనిసరిగా వేటకే పోవాలి, తెచ్చేది 1 రక్తం. అంటే ఒక వంతు వృథా. అసైలమ్ హంటింగ్ గ్రౌండ్ వంతుకు 1 ఇస్తుంది, దాన్ని బ్లడ్ డాల్ ఉన్నవాడికే పోస్తూ ఉంటే వంతుకు 1 పూల్ స్థిరమైన రాబడి. బ్లడ్ డాల్ అయిదూ అయిదుగురి మీద పెట్టకండి. ఇద్దరు చాలు, మిగతావి డిస్కార్డ్‌కు.

మూడోది తన్నులు. ఈ డెక్‌కు యుద్ధం రాదు. అడ్డుకుంటే ఫైట్ జరుగుతుంది, ఒట్టి చేతి దెబ్బ 1. పొటెన్స్ (ఒంటి బలం డిసిప్లిన్) డెక్‌వాడు టార్న్ సైన్‌పోస్ట్‌తో బలం పెంచుకుని, ఇమ్మోర్టల్ గ్రాపుల్‌తో మిమ్మల్ని కదలనీయకుండా పట్టుకుంటే ఒక్క రౌండ్‌లో టార్పర్‌కు, అంటే కదల్లేని నిద్రలోకి పోతారు. టార్పర్‌లోంచి లేవాలంటే 2 రక్తం, ఒక యాక్షన్. మ్యాగ్నమ్ 2 పూల్ పెట్టి ఒకడికి ఇస్తే దూరం నుంచి 2 దెబ్బ వేయగలడు. అది బెదిరింపుకు పనికొస్తుందిగానీ తన్నుల డెక్‌ను ఆపలేదు. అలాంటివాడు మీ ప్రిడేటర్ అయితే అతని ప్రిడేటర్‌తో మాట కలపండి. బల్ల మీద బేరాలాడటం ఈ ఆటలో తప్పు కాదు, సగం ఆట. "రెండు వంతులు నీ పెద్ద యాక్షన్ నేను అడ్డుకోను, నువ్వు అతన్ని ఒత్తు" లాంటి పొట్టి, కొలవగలిగే ఒప్పందాలే చేయండి. "చివరిదాకా కలిసుందాం" అన్న ఒప్పందం మీ ప్రే పడిపోయే రోజున ఎవరికీ గుర్తుండదు.

ఇతర దారులు, క్లుప్తంగా

వెంట్రూతో ఓట్ల డెక్ కట్టొచ్చు. పిశాచి హోదాను బట్టి ఓట్లుంటాయి: ప్రిన్స్‌కు 2 ఓట్లు, జస్టికార్‌కు 3, ప్రైమోజెన్‌కు 1. ఇద్దరు ప్రిన్స్‌లు 4, పొలిటికల్ కార్డు తనంతట 1, ఎడ్జ్ కాల్చితే 1, మొత్తం 6. కైన్ రిసోర్సెస్ కంటెస్టెడ్ నెగ్గితే 4 పాయింట్ల దెబ్బను ఇద్దరు లేక అంతకంటే ఎక్కువమందికి పంచొచ్చు, దాన్ని డిఫ్లెక్షన్ ఆపలేదు. అదే దీని అందం. కానీ ఓట్లు సమానమైతే ఓడినట్టే. అదే బల్ల మీద ఇంకో ఓట్ల డెక్ ఉంటే మీ పొలిటికల్ కార్డులు చేతిలోనే మురిగిపోతాయి. అందుకని గవర్న్ ఆరేడు తప్పక ఉంచండి.

తన్నుల డెక్‌లో యుద్ధం కార్డులు 35కు తగ్గితే నడవదు, ఒక్కో ఫైట్‌కు మూడు నాలుగు ఖర్చవుతాయి. ప్రే మనుషులందర్నీ టార్పర్‌కు పంపినా అతని పూల్‌లో ఒక్క గింజ కదలదు. ఆ తర్వాత బ్లీడ్ చేయాల్సిందే అన్న సంగతి ఈ డెక్ కట్టేవాళ్లలో చాలామంది మరిచిపోతారు. అన్నిటినీ అడ్డుకునే గోడ డెక్ బతకడంలో దిట్ట, కానీ 2 గంటల్లో ఎవర్నీ పడగొట్టకుండా అర పాయింటుతో లేస్తుంది.

బల్ల ఎక్కేముందు

డెక్ పూర్తయ్యాక ఒంటరిగా కూర్చుని పది చేతులు పంచుకోండి. ప్రతిసారీ క్రిప్ట్ 4, లైబ్రరీ 7. మూడు ప్రశ్నలకు కాగితం మీద గీత గీయండి: మూడో వంతులోపు డామినేట్ పైస్థాయివాడు వస్తాడా, చేతిలో గవర్న్ ఉందా, లేపే కార్డుగానీ మళ్లింపుగానీ ఒక్కటైనా ఉందా. పదింట్లో ఏడుసార్లు మూడింటికీ అవునని రాకపోతే ఆ లోటున్న భాగం రెండేసి కార్డులు పెంచండి. పెంచినన్ని ఇంకెక్కడో తీయండి, 75ను 90కి పాకనివ్వకండి. లైబ్రరీ అయిపోయినా ఆట పోదు, కొత్త కార్డులు రావంతే. కానీ పెద్ద డెక్‌లో కావాల్సింది కావాల్సినప్పుడు రాదు.

తర్వాత ఎదుట ఖాళీ కుర్చీ పెట్టుకుని, ఎవరూ అడ్డుకోరని అనుకుని ఎనిమిది వంతులు ఆడండి. ప్రే దగ్గర 14 పూల్ ఉందనుకోండి. ఆరో వంతులోపు అది సున్నా కాకపోతే మీ డెక్‌లో దాడి చాలదు. నాలుగో వంతులోనే అయిపోతే రియాక్షన్లు రెండు పెంచుకునే తీరిక ఉన్నట్టు. ఏ కార్డయినా వరుసగా మూడు ఆటల్లో చేతిలోంచి దిగకుండా చివరిదాకా మిగిలితే, దాని ఒక మూలన పెన్సిల్‌తో చుక్క పెట్టకండి, స్లీవ్ పాడవుతుంది. పేరు కాగితం మీద రాసుకుని, నాలుగో ఆటకు ముందు తీసేయండి.